రెండోదే బాగుంది

మా ఆడపడుచు చేసిచ్చిన యంత్రానికి పిచ్చెక్కిందని నేను గట్టిగా నమ్మాను. నమ్మక ఏం చెయ్యను? నిన్న భేషుగ్గా ఉందన్న అద్దాన్ని ఇవాళ పనికిరాదంటోంది. ఇవాళ ఉదయం పనికిరాదన్నదాన్ని మధ్యాహ్నానికి నెత్తినెత్తుకుంటోంది. కూర్చున్నది అదే మనిషి, అదే కుర్చీ, అవే కళ్ళు. ఆ కళ్ళు మా ఆయనవి.

మాది కళ్ళద్దాల షాపు. ముందుగదిలో ఫ్రేములు, వెనకగదిలో పరీక్ష. అద్దాలు అరగదీసేది నేనే, పరీక్ష చేసేది నేనే, ముక్కు మీద ఫ్రేము ఆనట్లేదని వచ్చేవాళ్ళతో గొడవపడేదీ నేనే. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగాక షాపుకొచ్చి, వెనకగదిలో బల్ల మీద కూర్చుని, నేను షట్టరు దించేదాకా కాళ్ళూపుకుంటూ ఉండటం ఆయన అలవాటు. మాట తక్కువ మనిషి. ఆయన మాట్లాడాల్సినవి కూడా నేనే మాట్లాడేస్తానని మా ఆడపడుచు అంటుంది. అననీ, దానికి మాత్రం నోరు తక్కువా?

జరిగిందేమిటంటే, డిపో గేటు దగ్గర ఆయన బస్సు పక్కద్దం స్తంభానికి రాసుకుని ఊడి కిందపడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా పై అధికారి ఊరుకుంటాడా? "శుక్రవారం కళ్ళ పరీక్షకి రా. నెగ్గితే స్టీరింగు నీదే, లేకపోతే లేదు. అప్పటిదాకా బండి ముట్టుకోకు" అన్నాడట. ఆ రోజు నుంచీ మా ఆయన ఇంట్లో, షాపులో, మెట్ల మీద, ఎక్కడ కూర్చున్నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. స్టీరింగు లేకపోతే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియదు. బస్సు నడపడం తప్ప ఆయన ఈ లోకాన్ని ఇంకేమీ అడగలేదు మరి.

"ఈమాత్రం దానికి ఇంత దిగులెందుకండీ? నంబరు మారి ఉంటుంది, అంతే. పెళ్ళాం కళ్ళద్దాల షాపు పెట్టుకుని కూర్చుంటే మీకేం లోటు? కొత్త అద్దాలు వేసి శుక్రవారం పంపిస్తా, మళ్ళీ బస్సెక్కుదురుగాని" అన్నాను.

"సరే" అన్నారు. ఆయన ఏమంటారు, ఎప్పుడూ సరే అనే అంటారు.

ఇప్పుడు ఆ యంత్రం సంగతి చెప్పాలి. మా ఆడపడుచుని ఇంట్లో అందరం చీమ అని పిలుస్తాం. పిట్టంత మనిషి, ఒక్క నిమిషం ఊరికే కూర్చోదు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. నేను ఒక్కో అద్దం చేత్తో తీసి, తుడిచి, పెట్టి, మళ్ళీ తీసి పరీక్ష చెయ్యడం చూడలేక, తనే ఒక పెట్టె తయారుచేసింది. లోపల అద్దాలు వరుసగా పేర్చి ఉంటాయి. గడ్డం ఆనించి, కళ్ళు రెండు కన్నాల దగ్గర పెట్టుకుంటే, ముందు ఒక అద్దంలోంచి, తర్వాత ఇంకో అద్దంలోంచి గోడ మీది అంకెల పటం కనిపిస్తుంది. "మొదటిదా, రెండోదా?" అని నేను అడుగుతాను. కన్నాలకి కళ్ళు ఆనించినవాళ్ళకి మీటలు కనబడవు కాబట్టి, వాళ్ళు చెప్పింది విని మీట నేనే నొక్కుతాను. బాగుందన్న అద్దం నిలబడుతుంది, మళ్ళీ దాన్నే ముందు చూపించి, వరుసలో ఉన్న తర్వాత అద్దాన్ని దాని వెనక చూపిస్తుంది. అలా వరుసంతా అయ్యేసరికి ఏది నిలిస్తే అది ఆ మనిషికి సరైన అద్దం. చాలామందికి చేశాను. ఒక్కళ్ళు కూడా తిరిగొచ్చి తిట్టలేదు.

సోమవారం మా ఆయన్ని కూర్చోబెట్టాను.

"మొదటిదా, రెండోదా?"

"రెండోదే బాగుంది."

"ఇప్పుడు? మొదటిదా, రెండోదా?"

"రెండోదే."

వరుస చివరిదాకా అదే పాట. చివరన ఉన్నది బాగా లావుపాటి అద్దం. ఇంత పవరేమిటని నేనే తెల్లబోయాను. కానీ ఆ అద్దం పెట్టి పటం చదవమంటే కింది వరసదాకా గడగడా చదివేశారు. ఇంకేం కావాలి? ఆ పూటే అద్దాలు కోసి ఫ్రేములో బిగించి చేతికిచ్చాను. అవి పెట్టుకుని ఇంటికొచ్చి, గ్లాసులో నీళ్ళు పోసుకోబోయి గ్లాసు పక్కన పోశారు.

"కొత్త నంబరు కదా, అలవాటు కావాలి" అన్నారు ఆయనే. షాపుకొచ్చినవాళ్ళతో నేను రోజూ అనే మాట అది. నా మాట నాకే అప్పజెప్తే ఏమంటాను?

మర్నాడు మనసాగక, పెట్టెలో అద్దాలన్నీ తీసి తుడిచి, కావాలనే అటుదిటు పేర్చాను. ఇప్పుడు అన్నిటికంటే పలచటి అద్దం చివరికొచ్చింది. మళ్ళీ కూర్చోబెట్టాను. మళ్ళీ రెండోదే, రెండోదే, రెండోదే. ఆ పలచటి అద్దమే నెగ్గింది. దానితోనూ పటం గడగడా చదివారు.

"నిన్నటివి పెట్టుకుని చదవండి చూద్దాం" అన్నాను.

చదివారు.

"మరి వీటిలో ఏవి బాగున్నాయి?"

"ఇవీ బాగానే ఉన్నాయి, అవీ బాగానే ఉన్నాయి."

"ఇవీ బాగుండి అవీ బాగుంటే ఇంక నేను షాపు తెరవడం దేనికండీ, మూసి చెరువులో పారేస్తే పోలా!" అని అరిచాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. అరిచినందుకు నాకే బాధేసింది. బాధేసినా అర్థం మాత్రం ఏమీ కాలేదు. నా చెవే తప్పు వింటోందేమో అనుకున్నాను. నా వేలే తప్పు మీట నొక్కుతోందేమో అనుకున్నాను. అద్దాలన్నిటినీ కలగాపులగంగా కలిపేసి ఇంకోసారి చేశాను. ఈసారి మధ్యరకం అద్దమొకటి నెగ్గింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. శుక్రవారం చూస్తే ముంచుకొస్తోంది.

చీమకి ఫోను చేశాను. "నీ పెట్టెని వచ్చి పట్టుకుపో. మీ అన్నయ్య ఉద్యోగం మీదికి తెచ్చేట్టుంది."

మధ్యాహ్నానికల్లా లాప్‌టాపు చంకన పెట్టుకుని వచ్చింది. వస్తూనే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పెట్టెనంటావేంటి వదినా?" అంది.

"నేను ఆడటం మొదలెట్టి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. ముందు నీ మద్దెల సంగతి చూడు. ఒక మనిషికి రోజుకో అద్దం నప్పుతుందా? ఏది మంచిదో నీ పెట్టెకి తెలుసా, తెలియదా?"

"తెలియదు" అంది నింపాదిగా.

"తెలియదా?" అన్నాను.

"నిజంగానే తెలియదు వదినా. అంకెల వరుస ఒకటి ఇచ్చి, ఇందులో పెద్దది వెతికిపెట్టమన్నావనుకో. మూడు, తొమ్మిది, ఐదు. అది మూడుని చేతిలో పట్టుకుంటుంది. తొమ్మిది దగ్గరికెళ్తుంది. రెండిట్లో ఏది పెద్దదో తను తేల్చదు. తేల్చడానికి ఒక చిన్న ఫంక్షన్, అంటే ఒక ప్రోగ్రాము ముక్క, రాసి దాని చేతికిస్తాం. ప్రతిసారీ ఆ ఫంక్షన్ని పిలిచి, ఈ రెండిట్లో ఏదీ అని అడుగుతుంది. అది తొమ్మిదంటే మూడుని వదిలేసి తొమ్మిదిని పట్టుకుంటుంది. తర్వాత ఐదు. మళ్ళీ పిలుస్తుంది, మళ్ళీ అడుగుతుంది. దాన్నే మేం కాల్‌బ్యాక్ అంటాం. వరుసలో నడవడం మాత్రమే పెట్టె పని. తీర్పు చెప్పేది కాల్‌బ్యాక్."

"మరి నా షాపులో ఆ కాల్‌బ్యాక్ ఎవరు?"

"కుర్చీలో కూర్చున్న మనిషి. నాకు ఏ అద్దం బాగుంటుందో నేనే చెప్పాలి. నీకైతే నువ్వే చెప్పాలి. అందుకే మనిషి మారితే జవాబు మారుతుంది."

"మనిషి మారలేదే తల్లీ! అదే కదా నా ఏడుపు."

అది లాప్‌టాపు తెరిచి, అంకెల వరుసలు ఎటుపడితే అటు తిప్పి పెట్టెకిచ్చింది. ప్రతిసారీ పెద్ద అంకే వచ్చింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి తను మీట నొక్కింది. వరుస అటు పేర్చినా ఇటు పేర్చినా నాకు ఒకే అద్దం వచ్చింది, నేను ఇప్పుడు పెట్టుకున్నదే. పక్కషాపు దర్జీగారిని పిలిచాను. ఆయన నోట్లో గుండుసూదులతోనే వచ్చి కూర్చుని, "మొదటిది, కాదు కాదు, ఆగండమ్మా, ఆఁ మొదటిదే" అని నసుగుతూ చెప్పాడు. ఆయనకీ రెండుసార్లూ ఒకే అద్దం.

"చూశావా, మద్దెల బాగానే ఉంది" అంది చీమ.

"అయితే మా ఆయనంటేనే దానికి అలుసా?"

చీమ నవ్వలేదు. మూడుసార్లలో ఏ అద్దం ఎక్కడ ఉంది, ఏది నెగ్గింది అని గుచ్చి గుచ్చి అడిగింది. నాకు గుర్తున్నంతవరకూ చెప్పాను.

"ఎప్పుడూ చివరిదే నెగ్గింది వదినా."

"అయితే?"

"చివరిది నెగ్గాలంటే ఆఖరుసారి అన్నయ్య రెండోదే అనుండాలి. అంతకుముందు ఒక్కసారైనా మొదటిది అన్నాడా?"

ఆలోచించాను. అనలేదు. "రెండోదే బాగుండి ఉండొచ్చుగా" అన్నాను.

"ఎటునుంచి పేర్చినానా?"

నా బుర్ర ఇంకా మొద్దుబారిపోయింది. రెండోది బాగుంటే రెండోది అన్నారు, అందులో తప్పేముంది? అలాగని రెండువైపుల నుంచీ రెండోదే ఎలా బాగుంటుంది? ఎక్కడమూ పైకే, దిగడమూ పైకే అయినట్టుంది వ్యవహారం. చీమ మాత్రం అప్పటికే లేచింది. షోకేసులో ఫ్రేములకి బిగించడానికి పెట్టుకున్న ఉత్త అద్దాలు, ఏ పవరూ లేనివి, ఇమ్మంది. పెట్టెలోవన్నీ తీసేసి వరుసంతా వాటితో నింపింది.

"ఇదేంటి? అన్నీ ఒకటేగా. ఇందులో ఎక్కువేది, తక్కువేది?"

"అదే. అన్నీ ఒకటే అయినప్పుడు తేడా లేదని రావాలి. వస్తుందో రాదో చూద్దాం. అన్నయ్యని పిలు. అద్దాల సంగతి చెప్పకు."

పెట్టెనే పరీక్షిస్తోందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

మెట్ల మీద కూర్చున్న మా ఆయన్ని కేకేశాను. ఆయన కౌంటరు అంచు వెంట చెయ్యి రాస్తూ లోపలికొచ్చి, కుర్చీ చేతిని తడిమి కూర్చున్నారు. కన్నాల దగ్గర కళ్ళు పెట్టారు.

"మొదటిదా, రెండోదా?" అన్నాను.

"రెండోదే. కొంచెం తేటగా ఉంది."

మీట నొక్కాను. "ఇప్పుడు? మొదటిదా, రెండోదా?"

"రెండోదే."

"ఇప్పుడు?"

"రెండోదే బాగుంది. ఇది ఇంకా బాగుంది."

అదీ ఉత్త అద్దమే, దాని ముందుదీ ఉత్త అద్దమే. కిటికీకి వేసుకునే గాజుకీ దానికీ తేడా లేదు. నా వేలు మీట మీద ఉండిపోయింది. చీమ వైపు చూశాను. అది గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంటోంది. అప్పుడు తట్టింది నాకు. దర్జీగారు నసిగాడు, నేనూ నసిగాను, రోజూ వచ్చేవాళ్ళందరూ నసుగుతారు. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న అద్దాలు చూపిస్తే తేడా తెలియట్లేదమ్మా, మళ్ళీ చూపించమ్మా అని ప్రాణం తీస్తారు. మా ఆయన ఒక్కసారి కూడా మళ్ళీ చూపించమనలేదు.

"ఏమండీ, గడ్డం తియ్యండి."

"అయిపోయిందా? ఏది నెగ్గింది?"

"అన్నీ ఉత్త అద్దాలే అన్నయ్యా" అంది చీమ.

ఆయన చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి.

"పటం చదివారుగా? కింది వరసదాకా చదివారుగా?" అన్నాను.

"అది నాకు నోటికొచ్చు. రోజూ సాయంత్రం ఆ బల్ల మీద కూర్చుని అందరూ చదవడం వింటూనే ఉన్నాగా. నిద్దర్లో లేపి అడిగినా చెప్తాను."

దీపం కింద చీకటంటే ఇదే. ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ నేను చూశాను.

"మరి ఏం కనబడుతోంది మీకు?"

"చుట్టుపక్కల కనబడుతుంది. మధ్యలోనే, వేలు పెట్టి తుడిచేసినట్టు. ఎక్కడ చూద్దామనుకుంటే సరిగ్గా అక్కడే ఉండదు. ఆ రోజు గేటు స్తంభం కూడా అంతే. ఉందని తెలుసు. చూస్తే లేదు."

"ఎప్పటినుంచి?"

"చలి మొదలైనప్పుడు కొంచెమే. తుడుచుకుంటే పోతుందనుకున్నా. పోలేదు. ఈమధ్యే బాగా ఎక్కువైంది."

నాకు కోపం కట్టలు తెంచుకుంది. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది, ఏం చెయ్యను. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నారా? నాతో చెప్పడానికేం రోగం? తెలియట్లేదు అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? రెండోదే, రెండోదే అని చిలకలా పలకడం దేనికి? మొదటిది అని ఎందుకనలేదూ?"

"అరవకు వదినా" అంది చీమ.

"దాన్ననకు. అడగనీ" అన్నారు ఆయన. "నువ్వు 'మొదటిదా' అన్నప్పుడు నీ గొంతు మామూలుగా ఉంటుంది. 'రెండోదా' అన్నప్పుడు కాస్త లేస్తుంది. ఇదైతే బాగుండు దేవుడా అన్నట్టు. ఎంత ఆశగా అడుగుతావో నీకు తెలీదు. నాకు రెండూ ఒకటే. కాదని చెప్పబుద్ధి కాలేదు."

ప్రశ్న అడిగితే చివర గొంతు లేవదా? దర్జీగారిని అడిగినప్పుడూ లేచే ఉంటుంది. ఆయనకి కళ్ళున్నాయి కాబట్టి నా గొంతుతో పని పడలేదు. మా ఆయనకి చూసుకోవడానికి నా గొంతు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఇదంతా నేను తర్వాత సర్దుకున్న ఆలోచన. అప్పుడు మాత్రం ఆ వెనకగదిలో దిమ్మెరపోయి నిలబడ్డాను. ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఎవరినో ఒకరిని తిట్టకపోతే ప్రాణం నిలిచేలా లేదు.

"డిపోలో వేలాడదీసిన పటం కూడా ఇదే కదా?" అంది చీమ మెల్లిగా, అనకూడనిది అన్నట్టు.

అవును, ఇదే. మా షాపు నుంచే వెళ్ళింది. ఆ మాట దానికంటే ముందే నా మనసులోకి వచ్చింది, దాచడం ఎందుకు? శుక్రవారం ఆయన వెళ్ళి నిలబడి అప్పజెప్పేస్తే చాలు. నెగ్గుతారు. స్టీరింగు చేతికొస్తుంది. ఆ చేతులు మళ్ళీ చేతుల్లా ఉంటాయి. నేను నోరు తెరిచాను. ఏమనబోయానో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. వెళ్ళమనబోయానో, వద్దనబోయానో, రెండూ ఒకేసారి నోటిదాకా వచ్చాయి.

"ఫోను ఇలా ఇవ్వు" అన్నారు ఆయన.

"ఎవరికి?"

"డిపోకి. నంబరు నువ్వే నొక్కు."

నొక్కి చేతికిచ్చాను. అధికారి గొంతు పెద్దది, మాకందరికీ వినబడుతూనే ఉంది. "ఏంటయ్యా, పరీక్ష శుక్రవారం కదా, అప్పుడే కంగారా? మీ ఆవిడదే కళ్ళద్దాల షాపు, మంచి అద్దాలు వేసుకుని రా. నీలాంటి డ్రైవర్ని నేను మాత్రం వదులుకుంటానా?" అన్నాడు.

"అద్దాలతో పోయేది కాదండీ ఇది. పటం చదవమంటే చదివేస్తాను, నాకు కంఠతా వచ్చు. మీరు నెగ్గించేస్తారు కూడా. కానీ స్టాపులో నిలబడ్డ మనిషి నాకు కనబడట్లేదు. బండి వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి" అన్నారు మా ఆయన.

అవతల అధికారి ఏదో అన్నాడు, ఈసారి మెల్లిగా. "అలాగేనండీ" అని ఆయన ఫోను గాల్లోకి చాపారు. నేను అందుకున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. అందులో ఒక్క మాట కూడా నేను అందించింది కాదు.

చీమ అప్పటికే తన ఫోనులో కంటి ఆసుపత్రితో మాట్లాడుతోంది. ఇవాళే చూస్తారట, వెంటనే బయల్దేరి రమ్మన్నారట, ఇలాంటివాటికి ఆలస్యం చెయ్యకూడదన్నారట. నయమవుతుందా అని అడిగితే చూడకుండా చెప్పలేమన్నారట. ఆటోకోసం అది రోడ్డు మీదికి పరిగెత్తింది. నేను ముందుగదిలో లైట్లు తీశాను. తాళంచెవులు చేతిలోనే పెట్టుకుని తాళంచెవుల కోసం వెతికాను.

ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. మొహం నా వైపు కాకుండా కొంచెం పక్కకి తిప్పి ఉంది. అలా పక్కనుంచైతేనే నేను ఎంతోకొంత కనబడతానని నాకు అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు నీ మొహం ఎలా ఉంది?" అని అడిగారు.

"ఎలా ఉంటే మీకెందుకు?"

"కనబడట్లేదు. గొంతు కూడా రావట్లేదు. అందుకని అడుగుతున్నా."

"ఏడుస్తున్నానండీ" అన్నాను.

ఆయన చెయ్యి చాపి, వెతుక్కుని, నా భుజం దొరికాక పట్టుకున్నారు.

"నాకు భయంగా ఉంది" అన్నారు. ఆ మాట నేను అడక్కుండానే చెప్పారు.